సగం సినిమా దగ్గర ఆగిపోయే డీవీడీలు: ఒక డెస్క్‌టాప్ కేసు, మొత్తం వివరంగా

మెషిన్ పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, సాటా డీవీడీ రైటర్ ఒకటి, 2.1 స్పీకర్లు. ఓనర్ రాజమండ్రిలోనే ఉండే రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు. ఆయనకి ఓటీటీలు అవీ పడవు, బీరువా కింది అర నిండా డిస్కులే. మోజర్ బేయర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని అమ్మిన రోజుల్లో మార్కెట్‌కి వెళ్తే కూరగాయల సంచిలో ఓ రెండు డిస్కులు కూడా పడేవంట, అలా పోగైన కలెక్షన్ అన్నమాట. ఫోన్ చేసి "బాబూ, కంప్యూటర్‌లో సినిమాలు ఆడట్లేదు, ఓసారి వచ్చిపో" అన్నారు, అంతే.

ఇలాంటి ఫోన్ వస్తే చాలామంది చేసే పని ఏంటంటే కొత్త డ్రైవ్ ఒకటి బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోవడం. పెట్టేసి, ఒక డిస్క్ ఆడించి చూపించి, డబ్బులు తీసుకుని వచ్చేయడం. మర్నాడు మళ్ళీ ఫోన్. ఎందుకంటే డిస్క్ ఆడకపోవడానికి కారణం డ్రైవే కానక్కర్లేదు, విండోస్ అవ్వొచ్చు, డిస్కే అవ్వొచ్చు, రీజియన్ లాక్ (ఒక దేశం డిస్కు ఇంకో దేశంలో ఆడకుండా వేసే తాళం) అవ్వొచ్చు, ఒక్కోసారి అన్నీ కలిసి ఒకే ఇంట్లో కాపురం పెడతాయి. ఈ కేసులో జరిగింది అదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

వెళ్ళాక ముందు మెషిన్ ముట్టుకోలేదు. మాస్టారిని కూర్చోబెట్టి అడిగా, ఏ డిస్కు, ఎక్కడ ఆగుద్ది, మళ్ళీ పెడితే అక్కడే ఆగుద్దా వేరేచోటా అని. పాఠం చెప్పిన మనిషి కదా, వరసగా చెప్పారు. వీసీడీలు బానే ఆడుతున్నాయి, డీవీడీలు మాత్రం ఒక్కటీ మొదలవ్వట్లేదు, అది విండోస్ మార్చిన దగ్గర్నించీ. అంతకుముందు కూడా కొన్ని డీవీడీలు ఇంటర్వెల్ దాకా ఆడి ఆగిపోయేవి. కొన్నిట్లో పాటలు దడదడలాడిపోతాయి గానీ మాటలు గుసగుసల్లా ఉంటాయి. న్యూజెర్సీ నుంచి అమ్మాయి తెచ్చిన రెండు ఇంగ్లీష్ సినిమాలు ఎప్పుడూ ఆడలేదు. ఆఖర్న అమ్మగారు వంటింట్లోంచి వచ్చి "అవన్నీ పోతే పోయాయి గానీ బాబూ, అమ్మాయి పెళ్ళి డీవీడీ ఒకటి చూడు" అన్నారు. అంటే ఒక్క ఫోన్ కాల్‌లో ఐదు కంప్లైంట్లు.

మొదటిది ఈజీ. మెషిన్‌లో ఇదివరకు విండోస్ 7 ఉండేది, 2020 జనవరిలో దానికి సపోర్ట్ ఆగిపోయాక ఎవరో కుర్రాడు వచ్చి విండోస్ 10 వేసి వెళ్ళాడు. 7 హోమ్ ప్రీమియంలో డీవీడీ సినిమా ఆడించే డీకోడర్ లోపలే ఉండేది. డీవీడీ సినిమా అంటే ఎంపెగ్ 2 వీడియో, దాని డీకోడర్‌కి మైక్రోసాఫ్ట్ అప్పట్లో ప్రతి కాపీకీ లైసెన్స్ ఫీజు కట్టుకోవాల్సి వచ్చేది, లాప్‌టాప్‌లలో డ్రైవులే మానేస్తున్నారు కదా అని 2012లో విండోస్ 8 దగ్గర్నించి తీసేశారు. 10లో మీడియా సెంటర్ అనే ప్లేయర్ కూడా ఎగిరిపోయింది, స్టోర్‌లో డీవీడీ ప్లేయర్ యాప్ అని ఒకటి పెట్టి దానికి డబ్బులడుగుతారు. వీసీడీ సంగతి వేరు, అది ఎంపెగ్ 1, దాన్ని విండోస్ ఇప్పటికీ ఆడిస్తుంది. అందుకే వీసీడీలు ఓకే, డీవీడీలు నో.

కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది. సీడీ ఆడి డీవీడీ ఆడకపోవడం డ్రైవ్ పోయినా జరుగుద్ది. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, లోపల రెండూ వేరువేరు, ఒకటి చచ్చిపోయి రెండోది బతికుండొచ్చు. తేల్చుకోవడానికి పెద్ద పనేం లేదు, డిస్క్ పెట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, దాంట్లో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్ళు కనిపిస్తే డ్రైవ్ చదువుతున్నట్టే, లోటు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. డిస్క్ పెట్టమని అడిగితేనో, అరగంట గిర్రుమని తిరిగి ఖాళీ అని చూపిస్తేనో డ్రైవ్ వైపు చూడాలి. మాస్టారి మెషిన్‌లో ఫైళ్ళు చక్కగా కనిపించాయి. పాత కుర్రాడు దీని కోసం రెండు కోడెక్ ప్యాకులు, అంటే బయట దొరికే డీకోడర్ల కట్టలు, ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాడు, అవి తీసేసి వీడియోల్యాన్ వాళ్ళ సొంత సైట్ నుంచి వీఎల్‌సీ అనే ప్లేయర్ వేశా. సొంత సైట్ అని ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే గూగుల్‌లో వచ్చే ఫస్ట్ లింక్ నొక్కి దిక్కుమాలిన టూల్‌బార్లన్నీ వేయించుకున్న మెషిన్లు నా దగ్గరికి బోలెడొస్తాయి. వీఎల్‌సీలో డీకోడర్ లోపలే ఉంటుంది, ప్యాకులతో పని లేదు. డీవీడీలు మొదలయ్యాయి, మాస్టారు సంతోషపడిపోయారు, నేను ఇంకా పడలేదు.

మాటలు వినపడని కేసు రెండు నిమిషాల్లో తేలిపోయింది. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాన్ఫిగర్ స్పీకర్స్ చూస్తే 5.1 అని పెట్టుంది, అంటే ఆరు స్పీకర్ల సెట్టు. ఇంట్లో ఉన్నవి 2.1, పక్క స్పీకర్లు రెండు, బేస్ బాక్సు ఒకటి, బాక్సు మీద హోమ్ థియేటర్ అని రాసుంది కాబట్టి ఎవరో 5.1 నొక్కేశారు. డీవీడీల్లో ఎక్కువ వాటికి డాల్బీ డిజిటల్ 5.1 ట్రాక్ ఉంటుంది, అందులో డైలాగులు దాదాపు అన్నీ సెంటర్ ఛానల్‌లో కూర్చుంటాయి. విండోస్ ఏమో సెంటర్ స్పీకర్ ఉందనుకుని ఆ మాటలన్నీ వెనకాల నారింజ రంగు జాక్‌లోకి పంపిస్తోంది, అక్కడ ఏమీ తగిలించి లేదు. మనకి వినిపించేది పక్క స్పీకర్లలోకి లీకయ్యే ప్రతిధ్వని, పాటలు, ఫైటింగులు. స్టీరియో అని మార్చగానే విండోస్ ఆరు ఛానళ్ళనీ కలిపి రెండింట్లో పోసింది, మాటలు పైకొచ్చేశాయి. రెండు ట్రాకులున్న డిస్కయితే వీఎల్‌సీలో ఆడియో మెనూలోకెళ్ళి 2.0 ట్రాక్ పెట్టుకున్నా సరిపోద్ది. పనిలో పనిగా, మనుషులు పరిగెత్తినప్పుడు అంచుల దగ్గర దువ్వెన పళ్ళలా గీతలు వస్తున్నాయి అన్నారు, అది ఇంటర్‌లేసింగ్, అంటే బొమ్మని గీత విడిచి గీతగా రెండు సగాలుగా చూపించడం, వీఎల్‌సీలో డీ కీ నొక్కితే పోద్ది, పాడైందేం లేదు.

ఇక అసలు కథ. ఇంటర్వెల్ దగ్గర ఆగిపోయేవి.

మాస్టారు ఆ డిస్కులు విడిగా ఒక రబ్బరు బ్యాండ్ వేసి పెట్టుకున్నారు, మంచి పని. ఒక్కోటీ పెట్టి ప్రాపర్టీస్‌లో సైజు చూశా. ఆగిపోయేవన్నీ 6 నుంచి 7.9 జీబీ మధ్య ఉన్నాయి. ఆఖరిదాకా ఆడేవన్నీ 4.37 జీబీ లోపు. ఇది చూడగానే సగం కేసు విడిపోయింది. సింగిల్ లేయర్ డీవీడీకి అట్ట మీద 4.7 అని రాసినా విండోస్ లెక్కలో పట్టేది 4.37 జీబీ, అది దాటిందంటే అది డ్యూయల్ లేయర్ డిస్కు, డీవీడీ 9 అంటాం. కంటితో కూడా కొంచెం తెలుస్తుంది, సింగిల్ లేయర్ తెల్లటి వెండి రంగు, డ్యూయల్ లేయర్‌ది వెలుతురులో వంచి చూస్తే లేత పసుపు ఛాయ కొడుతుంది.

డ్యూయల్ లేయర్ డిస్కులో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సినిమా మొదటి పొరలో లోపలి నుంచి అంచు వైపుకి నడుస్తుంది, అంచుకి చేరాక లేజర్ ఫోకస్ మార్చుకుని రెండో పొర పట్టుకుని అంచు నుంచి మళ్ళీ లోపలికి వస్తుంది. రెండో పొర మొదటిదాని కంటే పెద్దది ఉండటానికి వీల్లేదు కాబట్టి ఈ మలుపు డేటాలో సగం దగ్గరో, సగం దాటాకో వస్తుంది. మన సినిమాలు రెండున్నర గంటలు, కాబట్టి కరెక్టుగా ఇంటర్వెల్ బ్యాంగ్ పడ్డాక కాస్త అటూ ఇటూ. మంచి డ్రైవులో ఆ మలుపు మనకి తెలియను కూడా తెలియదు, మహా అయితే రెప్పపాటు బొమ్మ నిలబడుతుంది. మాస్టారి డ్రైవులో అక్కడ బొమ్మ నిలబడి, డ్రైవ్ టిక్ టిక్ అని, తిరగడం తగ్గి మళ్ళీ స్పీడందుకుని, మళ్ళీ టిక్ టిక్, ఆఖరికి వీఎల్‌సీ స్పందించడం మానేసేది.

రెండో పొర ఎందుకు కష్టమంటే వెలుతురు. సింగిల్ లేయర్ డిస్కు లేజర్ వెలుతురులో 45 నుంచి 85 శాతం దాకా వెనక్కి కొడుతుంది, డ్యూయల్ లేయర్ అయితే ఒక్కో పొరా 18 నుంచి 30 శాతమే. డ్రైవ్ కొత్తగా ఉన్నప్పుడు ఆ 18 కూడా చాలు. లేజర్ ముసలిదైపోయినా, లెన్స్ మీద పొగ పట్టినా ముందు పోయేది డ్యూయల్ లేయరే. రీరైటబుల్ డిస్కులు కూడా వెనక్కి కొట్టేది ఇంచుమించు అంతే, అందుకని నా కిట్‌లో ఎప్పుడూ నాలుగు డిస్కులు ఉంచుకుంటా: ఒక ఒరిజినల్ ఆడియో సీడీ, ఒక సింగిల్ లేయర్ సినిమా, ఒక డ్యూయల్ లేయర్ సినిమా, ఒక డీవీడీ ఆర్‌డబ్ల్యూ. మొదటి రెండూ చదివి తర్వాతి రెండూ చదవలేదంటే లేజర్ దగ్గర వెలుతురు చాలట్లేదని అర్థం. మాస్టారి డ్రైవ్ ఆర్‌డబ్ల్యూని అసలు గుర్తుపట్టలేదు, నా డ్యూయల్ లేయర్ డిస్కుని సగం దగ్గర వదిలేసింది. నా డిస్కు మచ్చ లేనిది, కాబట్టి నేరం డిస్కు మీద వేయడానికి లేదు.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూస్తే ఈవెంట్ ఐడీ 7 వరసగా పడి ఉంది, సీడీరామ్0 డివైస్‌లో బ్యాడ్ బ్లాక్ ఉందని. ఇది చూసి హార్డ్ డిస్క్ పోయిందని భయపడేవాళ్ళని చూశా, లైనులో పేరు చదవండి, సీడీరామ్ అని ఉంటే అది డిస్కు ట్రే సంగతి.

తర్వాత డిస్కుని ఎక్కడ ఎంత స్పీడుతో చదువుతుందో గీసి చూపించే నీరో డిస్క్‌స్పీడ్ ప్రోగ్రాంలో గ్రాఫ్ తీశా, కాపీ లాక్ లేని పాత తెలుగు డ్యూయల్ లేయర్ డిస్కు ఒకటి పెట్టి. ఆరోగ్యంగా ఉన్న డ్రైవులో ఈ గ్రాఫ్ కొండలా ఉంటుంది, లోపల తక్కువ స్పీడుతో మొదలై అంచుకి చేరేకొద్దీ పెరిగి, లేయర్ మారాక అదే వాలుతో దిగుతుంది. ఇక్కడ ఎక్కడం బానే ఎక్కింది, శిఖరం దగ్గర పాతాళానికి పడిపోయి నేల మీద దేకుతూ అక్కడే ఆగింది. కస్టమర్‌కి చూపించడానికి దీన్ని మించింది లేదు, మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూసి "అంటే ఎక్కడం వచ్చు, దిగడం రాదన్నమాట" అన్నారు.

డ్రైవ్ మార్చాలని అప్పటికే తెలిసిపోతోంది, అయినా ముందు ఖర్చు లేనివి చూశా. సాటా కేబుల్ మార్చా, బోర్డు మీద వేరే పోర్టులో పెట్టా, పవర్ కనెక్టర్ వేరేది ఇచ్చా, ఏ తేడా లేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, సాటాకి ముందు తరం ఐడీఈ డ్రైవులున్నప్పుడు ఇంకోటి ఉండేది, చదవడంలో ఎర్రర్లు ఆరు పోగయ్యేసరికి విండోస్ డ్రైవ్‌ని డీఎంఏ అనే ఫాస్ట్ మోడ్ నుంచి ఒక్కో మెట్టూ దించుకుంటూ, డేటా అంతా ప్రాసెసరే మోయాల్సిన పీఐఓ మోడ్‌లోకి తోసేసేది, ఆ తర్వాత మచ్చలేని డిస్కు పెట్టినా సినిమా నత్తనడక, ప్రాసెసర్ నూటికి నూరు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే పోయేది. ఇప్పటికీ ఎక్కడో ఏ స్కూల్ ల్యాబ్‌లోనో ఆ మెషిన్లు ఉన్నాయి కాబట్టి చెప్తున్నా, సాటాలో ఆ గోల లేదు.

డ్రైవ్ విప్పి లెన్స్ చూశా. కింద నాలుగు స్క్రూలు, ట్రే బయటికి లాగితే లెన్స్ కనిపిస్తుంది. దాని మీద సన్నటి గోధుమరంగు పొర. కంప్యూటర్ టేబుల్ హాల్లో దేవుడి గూటి పక్కనే ఉంది, పొద్దున్నా సాయంత్రం అగరొత్తులు, సాంబ్రాణి, ఆ పొగలోని జిడ్డంతా క్యాబినెట్ ఫ్యాన్ లోపలికి లాక్కుంటోంది. ఇయర్ బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క తడిపి, లెన్స్‌ని నొక్కకుండా, అది స్ప్రింగ్ మీద ఊగుతుంది కాబట్టి గాలి తగిలినంత మెత్తగా తుడిచి ఆరనిచ్చా. బజార్లో బ్రష్‌లున్న లెన్స్ క్లీనర్ డిస్కులు దొరుకుతాయి గానీ నాకు వాటి మీద నమ్మకం లేదు, ఇలాంటి జిడ్డు పొడి బ్రష్‌కి రాదు. తుడిచాక ఆర్‌డబ్ల్యూ డిస్కు గుర్తుపట్టింది, గ్రాఫ్ శిఖరం దాటి కొద్ది దూరం దిగి మళ్ళీ కూలబడింది. అంటే పొగ కొంత, లేజర్ ముసలితనం కొంత. ఏళ్ళ తరబడి రోజుకో సినిమా ఆడించిన డ్రైవ్ అది, దాన్ని తిట్టడానికేం లేదు. షాపులో ఉన్న మంచి డ్రైవ్ తెచ్చి అదే కేబుల్‌కి తగిలించి అదే డిస్కు పెడితే కొండ మొత్తం గీసింది. అప్పుడు చెప్పా మాస్టారికి, డ్రైవ్ మార్చాలి అని.

కొత్త డ్రైవ్‌లో రబ్బరు బ్యాండ్ కట్టలోవి దాదాపు అన్నీ పూర్తిగా ఆడాయి, ఒకటి మాత్రం మళ్ళీ సగం దగ్గరే ఆగింది. ఇక్కడే క్రాస్ టెస్ట్ విలువ తెలిసేది. రెండు వేరువేరు డ్రైవుల్లో ఒకే సీన్ దగ్గర ఆగితే తప్పు డిస్కుది, ఒకదాంట్లో ఆగి రెండోదాంట్లో ఆడితే డ్రైవ్‌ది, ఆగే చోటు ప్రతిసారీ మారుతుంటే కేబులో, పవరో, వేడెక్కడమో చూడాలి. ఈ డిస్కు ప్లాస్టిక్ పౌచ్‌లో ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి అంచు చుట్టూ మసకగా అయ్యింది. మలుపు జరిగేది అంచులోనే కాబట్టి అక్కడి మసకే సినిమాని సగంలో ఆపుతుంది, మధ్యలో ఎన్ని గీతలున్నా ఆడేసేది అంచున వేలిముద్రకి ఆగిపోవచ్చు. సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి పాత పంచె గుడ్డతో మధ్య నుంచి అంచుకి సూటిగా తుడిచాం. గుండ్రంగా తుడవకూడదు, గుండ్రటి గీత పడితే అది ట్రాక్ పొడవునా నడుస్తుంది, ఎర్రర్ కరెక్షన్ దాన్ని సర్దలేదు, అడ్డంగా పడ్డ గీతని సర్దేయగలదు. టూత్‌పేస్ట్ రుద్దే చిట్కా మాస్టారికి ఎవరో చెప్పారంట, ఒక్క లోతైన గీత ఉండి, వేరే దారి లేకపోతే సరే, మసకకి టూత్‌పేస్ట్ రుద్దితే ఇంకా మసకవుద్ది. కడిగాక ఆ డిస్కు కూడా ఆడింది.

అమెరికా డిస్కులకొస్తే, అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మలో 1 అని ఉంది. ఇండియా రీజియన్ 5, అమెరికా, కెనడా రీజియన్ 1. వీఎల్‌సీ రీజియన్ పట్టించుకోదు కదా, మరి ఎందుకు ఆడదు అని చాలామంది అడుగుతారు, సగమే నిజం అది. 2000 సంవత్సరం నుంచి వచ్చే డ్రైవుల్లో రీజియన్ లాక్ డ్రైవ్ లోపలే ఉంటుంది, వీఎల్‌సీ ఊరుకున్నా డ్రైవ్ తాళంచెవి ఇవ్వనంటుంది. కొన్ని డ్రైవుల్లో వీఎల్‌సీ ఎలాగో కీ ఊహించి లాక్కొస్తుంది, కొన్నిట్లో కుదరదు, అప్పుడే తెర మీద గళ్ళు గళ్ళు, పచ్చ ఎరుపు చెత్త కనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిస్తే డీవీడీ రీజియన్ అనే ట్యాబ్ ఉంటుంది, అక్కడ ఇంకెన్నిసార్లు మార్చొచ్చో చూపిస్తుంది. మొత్తం ఐదు ఛాన్సులు, అయిపోయాక చివరిసారి పెట్టిందే శాశ్వతం, విండోస్ మళ్ళీ వేసినా, వేరే మెషిన్‌కి పెట్టినా మారదు. పాత డ్రైవ్‌లో చూస్తే ఒక్కటే మిగిలుంది, ఎవరో ఒకసారి 1, ఒకసారి 5 అని ఆడుకున్నారు. అల్లుడి పేరు చెప్పి మాస్టారు నవ్వేశారు.

కొత్త డ్రైవ్‌ని 5లో పెట్టి దాని జోలికి వెళ్ళొద్దని చెప్పా. రీజియన్ 1 కోసం విడిగా ఓ చిన్న యూఎస్‌బీ డ్రైవ్ తీసుకోమన్నా, దాన్ని 1లోనే ఉంచేస్తే గొడవే లేదు. రెండు డిస్కుల కోసం డ్రైవ్ ఎందుకని ఆయన నసిగారు గానీ దానికి ఇంకో పని కూడా ఉంది, కింద చెప్తా. ఆ యూఎస్‌బీ డ్రైవ్ మొదట ముందు పోర్టుకి పెడితే టిక్కుమంటూ తిరగలేక ఆగిపోయింది, అది కూడా డిస్కు లోపంలాగే కనిపిస్తుంది. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, మోటార్ స్పీడందుకునేటప్పుడు అది చాలదు, పైగా ముందు పోర్టులకి లోపల పొడుగు సన్న వైరు. వెనకాల నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు 900 దాకా ఇస్తుంది, అక్కడ పెట్టగానే నోరెత్తలేదు. నీలం పోర్టు లేని మెషిన్ అయితే రెండు తలలున్న వై కేబుల్ వాడాలి. అమ్మాయికి చెప్పమన్నది కూడా ఒకటుంది, ఈసారి తెచ్చేటప్పుడు ఆ భూగోళం బొమ్మలో ఆల్ అని ఉన్నవి చూసి తెమ్మని, అక్కడి ఇండియన్ స్టోర్లలో అమ్మే మన సినిమాల డిస్కులు చాలావరకు అలాగే ఉంటాయి.

పెళ్ళి డీవీడీ పూర్తిగా వేరే జబ్బు. కొనుక్కున్న సినిమా డిస్కులో డేటా అచ్చు గుద్ది ఉంటుంది, స్టూడియో వాళ్ళు ఇచ్చే డిస్కు డీవీడీ ఆర్, కింద ఊదారంగు, దాంట్లో డేటా రంగు పొర మీద లేజర్‌తో కాల్చిన మచ్చలు. ఎండకీ వేడికీ ఆ రంగు పాడవుతుంది. ఇవి 2009 నాటివి, మూడు డిస్కుల సెట్టు, పైన వధూవరుల ఫోటో ప్రింట్ చేసిన పేపర్ స్టిక్కర్లు. పేపర్ స్టిక్కర్ చూడ్డానికి బావుంటుంది గానీ డిస్కుకి అదే శత్రువు, ఒకవైపు బరువెక్కి స్పీడుగా తిరిగేటప్పుడు ఊగుతుంది, తేమకి కాగితం ముడుచుకుని డిస్కుని వంచుతుంది, గోదావరి గట్టు పక్క ఇళ్ళలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. అలాగని పీకకూడదు, పీకితే రెండు ప్లాస్టిక్ పలకలు విడిపోయే ప్రమాదం ఉంది. మొదటిదీ మూడోదీ ఆడుతున్నాయి, ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఉన్న రెండోది మెనూ దగ్గరే వేలాడుతోంది.

మెనూ దగ్గర ఆగితే ముందు చేసేది వీఎల్‌సీలో మీడియా, ఓపెన్ డిస్క్, నో డిస్క్ మెనూస్ టిక్ పెట్టి ప్లే. మెనూ ఫైళ్ళు పోయినా సినిమా బతికుండొచ్చు. ఇక్కడ జీలకర్ర బెల్లం దాకా ఆడి తర్వాత గళ్ళు పడి ఆగింది. ఇక ఆడించడం మానేసి డేటా లాగడం మొదలెట్టాలి, పాడైన డిస్కుని పదే పదే ప్లే చేస్తే వచ్చేదేం లేదు. ఇది వాళ్ళ సొంత పెళ్ళి, కాపీ లాక్ లేదు, కాబట్టి ఎలా లాగినా ఇబ్బంది లేదు. సినిమా డిస్కులకి మాత్రం ఈ పని నేను చేయను, లాక్ విప్పడం గురించి కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది, ఆ తలనొప్పి నాకొద్దు.

వాడింది లైనక్స్ పెన్ డ్రైవ్ మీద జీఎన్‌యూ డీడీరెస్క్యూ, పాడైన డిస్కుల నుంచి డేటా లాగి ఇమేజ్‌గా, అంటే డిస్కు మొత్తం నకలుగా ఒకే ఫైల్‌లో పెట్టే ప్రోగ్రాం. విండోస్‌లో కాపీ పేస్ట్ చేస్తే మొదటి ఎర్రర్ దగ్గరే చేతులెత్తేస్తుంది, ఇది అలా కాదు, ముందు పాడైన చోట్లు దాటేసి మంచివన్నీ తెచ్చుకుంటుంది, ఏ సెక్టార్ (డిస్కులో చిన్న ముక్క) వచ్చింది ఏది రాలేదు అనేది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, తర్వాత ఆ రానివాటి మీదకి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. దీని అసలు బలం ఏంటంటే మధ్యలో ఆపి డ్రైవ్ మార్చొచ్చు. ఒక డ్రైవ్ చదవలేని సెక్టార్ ఇంకో డ్రైవ్ చదవగలదు, లేజర్లు, మోటార్లు అన్నీ ఒకేలా ఉండవు. కొత్త సాటా డ్రైవ్‌తో ఒక రౌండ్, అదే మ్యాప్ ఫైల్ మీద యూఎస్‌బీ డ్రైవ్‌తో ఇంకో రౌండ్, ఇందాక చెప్పిన ఇంకో పని ఇదే. యూఎస్‌బీది నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి స్టిక్కర్ ఊపు తక్కువ, సాటా డ్రైవ్ వదిలేసిన చోట్లు చాలా తెచ్చింది. రాత్రంతా నడిచాక చూస్తే కొన్ని మెగాబైట్లే మిగిలాయి, అవి అప్పగింతల పాటలో పడ్డాయి. ఇమేజ్ తెరిచి అమ్మగారికి చూపిస్తే అంతా చూసి, సరిగ్గా అక్కడికి రాగానే "ఇదే కదయ్యా కావాల్సింది" అన్నారు.

అప్పుడు అడిగా, ఈ డీవీడీలు వియ్యాలవారికి కూడా ఇచ్చారా అని. స్టూడియో వాళ్ళు రెండు వైపులకీ చెరో సెట్టు ఇవ్వడం మన దగ్గర మామూలే కదా, కాకినాడలో వియ్యంకుడు గారి దగ్గర సెట్టు అలాగే ఉంది. అదీ సరిగ్గా ఆడట్లేదంట, వాళ్ళూ వదిలేశారు. ఆడకపోయినా పర్లేదు పంపించమనండి అన్నా. రెండు కాపీలూ ఒకే ఇమేజ్ నుంచి రాసినవైతే సెక్టార్లన్నీ ఒకే చోట ఉంటాయి, కానీ రంగు పొర పాడయ్యేది మాత్రం ఒక్కో డిస్కులో ఒక్కో చోట. కలిపే ముందు చూసుకోవాల్సింది మొత్తం సెక్టార్ల సంఖ్య, ఫైళ్ళ సైజులు, తేదీ, టైమ్ రెండింట్లోనూ అచ్చంగా కలవాలి, ఒక్కటి తేడా వచ్చినా మానేయాలి, స్టూడియోవాడు రెండోసారి ఎడిటింగ్ మార్చి రాసుంటే కలిపితే ఉన్నదీ చెడుతుంది. ఇక్కడ అన్నీ కలిశాయి. కాకినాడ డిస్కు ట్రేలో పెట్టి, అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైల్ ఇచ్చి డీడీరెస్క్యూ నడిపితే అది మిగిలిపోయిన సెక్టార్ల మీదకి మాత్రమే వెళ్ళింది, కాసేపట్లో రానివి సున్నా అని చూపించింది. విచిత్రం ఏంటంటే ఆ కాకినాడ డిస్కు ముహూర్తం దగ్గర మొత్తం పోయి ఉంది, విడిగా చూస్తే రెండూ పనికిరానివే.

మిగతా రెండు డిస్కులు కూడా ఆడుతుండగానే ఇమేజ్ తీసేసి, మూడూ హార్డ్ డిస్క్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, వియ్యంకుడు గారికి ఒకటి ఇచ్చా. ఇమేజ్ ఫైల్‌ని వీఎల్‌సీ నేరుగా ఆడిస్తుంది, మెనూతో సహా, మళ్ళీ డిస్కుగా రాయాల్సిన పని లేదు, రాస్తానంటే మాత్రం స్టిక్కర్ వేయొద్దని చెప్పా. కంప్యూటర్ టేబుల్ దేవుడి గూటి పక్క నుంచి కిటికీ వైపు జరపమన్నా, అమ్మగారు ఒప్పుకున్నారు, మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు, అక్కడైతే టీవీ చూసేవాళ్ళకి అడ్డమంట.